బండి వెనక మనిషి

వంగి, బండి ముందు చక్రానికి చుట్టుకున్న దారప్పోగులు లాగుతున్నాడు పెద్దాయన. ఆసుపత్రిలో చక్రాల కుర్చీని అందరూ బండి అనే అంటారు, దాన్ని తోసే అతన్ని పెద్దాయన అంటారు. గోడ పక్కన ఎన్ని బండ్లున్నా అతనికి నాలుగో నంబరే కావాలి. దాని సీటు ఒక మూల చిరిగింది, ఎడమ చక్రం కిచకిచమంటుంది. అయినా అదే కావాలి. ఇంకెవరైనా పట్టుకుపోతారేమోనని అందరికంటే ముందొచ్చి దాని మీద చెయ్యి వేసుకుని నిలబడతాడు. మిగతావన్నీ కొత్తవి, తేలికవి. ఇది పాతకాలపు ఇనుము. వెనకనుంచి మనిషి మొత్తం బరువు ఆనించినా తిరగబడదు.

అతనికి కావలసింది అదే. రెండేళ్ళుగా అతనికి అడుగు పడటం లేదు. నొప్పి లేదు, వాపు లేదు. మంచం మీద పడుకుని సైకిలు తొక్కినట్టు కాళ్ళు ఆడించమంటే ఆడిస్తాడు. నేల మీద నిలబడితే మాత్రం పాదాలు నేలను వదలవు. కదలండ్రా అని లోపల తిట్టుకుంటాడు, బతిమాలుకుంటాడు. అవి వినవు. బండి పిడులు చేతికి దొరికితే కాస్త దారికొస్తాయి. బండి ముందుకు పోతుంది, దాన్ని పట్టుకుని అతనూ పోతాడు. చూసేవాళ్ళకి మాత్రం పెద్దాయన బండిని తోస్తున్నట్టే ఉంటుంది.

ఇల్లు ఆసుపత్రి వెనక సందులోనే. ఇంటినుంచి గేటు దాకా భార్య భుజం మీద చెయ్యి వేసుకుని వస్తాడు. ఆమె అతన్ని దింపి, రెండు వీధుల అవతల దర్జీ కొట్లో గుండీలు కుట్టే పనికి పోతుంది. గేటు దగ్గర వాచ్‌మన్‌కి రోజూ అదొక సరదా.

"ఏం పెద్దాయనా, ఈ వయసులో కూడా ఆవిడ చెయ్యి వదలవా? మా ఆవిడ చూసిందంటే నా ప్రాణం తీస్తుంది!"

"వదిలితే నన్నెవరో ఎత్తుకుపోతారని ఆయన భయం," అంటుంది భార్య నవ్వుతూ. నవ్వుతూనే అతని చేతిని భుజం మీంచి తీసి గోడకి ఆనించి, సంచీ ఇస్తుంది. ఆ గోడ పట్టుకునే అతను బండ్ల దాకా జరుగుతాడు. సంచీలో మధ్యాహ్నం తిండి, అడుగున మడతపెట్టిన ఒక పాంటు ఉంటాయి. ఈమధ్య మూత్రం కూడా ఆగటం లేదు. తెలిసేలోపే అయిపోతోంది.

మరపు సంగతి సరేసరి. మొన్న రక్తపరీక్షకి వెళ్ళాల్సిన ముసలాయన్ని తీసుకెళ్ళి కళ్ళ డాక్టరు గదిలో కూర్చోబెట్టాడు. ఆ ముసలాయన కూడా అమాయకంగా గోడ మీది అక్షరాలన్నీ చదివేసి వచ్చాడు. అందరూ కడుపుబ్బ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు. ఇంటికొచ్చి చెబితే భార్య మాత్రం నవ్వలేదు.

"వయసండీ. నా మోకాళ్ళు మాత్రం బాగున్నాయా?" అంది.

అతనికీ అది నిజమే అనిపించింది. వయసు అన్నాక ఇంక అడగడానికి ఏముంటుంది? పైగా అడగాలంటే ఎవరికో ఒకరికి చెప్పాలి. నడవలేనివాణ్ణి బండి తొయ్యడానికి ఎవరు పెట్టుకుంటారు? పని పోతే బండి పోతుంది. బండి పోతే మంచమే గతి. ఆ భయంతోనే నోరు కుట్టేసుకున్నాడు.

ఆ రోజు మొదటి పిలుపు మెదడు డాక్టరు గదినుంచి వచ్చింది. ఒకప్పుడు టైపు నేర్పిన టీచరమ్మని కొడుకు తీసుకొచ్చాడు. డాక్టరు ఆమెను బండిలోంచి లేపి నడవమన్నాడు. ఆమె లేచింది. చేతులు గాల్లో వెతుక్కున్నాయి. పాదాలు రెండూ నేలకి అంటుకుపోయి, ఎంతసేపటికో ఒకటి జానెడు జరిగింది. వెనక నిలబడ్డ పెద్దాయన నోరు తెరుచుకుని ఆ పాదాలనే చూశాడు. ఇంకొకరి కాళ్ళకి తన కాళ్ళ బుద్ధి ఉండటం అతను చూడటం అదే మొదటిసారి.

"ముసలితనం అనుకున్నాం సార్," అన్నాడు కొడుకు.

"అందరూ అదే అనుకుంటారు. మెదడులో నీరు ఎప్పుడూ ఊరుతూ, ఎప్పటికప్పుడు ఇంకిపోతూ ఉంటుంది. మీ అమ్మగారికి ఇంకడం తగ్గింది, నీరు చేరింది. ఒత్తిడి కొలిస్తే మామూలుగానే ఉంటుంది. అందుకే ఇది దొంగ జబ్బు. ముందు నడక పోతుంది. తర్వాత మూత్రం ఆగదు. ఆ తర్వాత మతిమరుపు."

"ఇది చాలా అరుదా సార్?"

"అరుదేం కాదు బాబూ. అరవై అయిదు దాటినవాళ్ళలో వందకి ఒకళ్ళో ఇద్దరో ఉంటారు. ఎనభై దాటితే ఇంకా ఎక్కువ. ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లోనే ఎంతమంది ఉన్నారో! నా దాకా వచ్చేది చాలా తక్కువమంది. మిగతావాళ్ళు ఒక మూల కూర్చుని ఉంటారు, ఇంట్లోవాళ్ళు వయసులే అని సరిపెట్టుకుంటారు."

"తగ్గుతుందా?"

"నడుములోంచి కొంచెం నీరు తీసి చూద్దాం. నడక తేలికైతే, సన్నటి గొట్టం పెట్టి ఆ నీటిని కడుపులోకి మళ్ళిస్తాం. చాలామంది మళ్ళీ నడుస్తారు. ఆలస్యం చేస్తే మాత్రం నేనేం చెప్పలేను."

పెద్దాయన లోపల లెక్కపెట్టుకున్నాడు. నడక, అనుకున్నాడు. మూత్రం, అనుకున్నాడు. మూడోది ఏదో అన్నాడే డాక్టరు. ఎంత తన్నుకులాడినా అది గుర్తు రాలేదు.

"వయసుకీ దీనికీ ముడిపెట్టకండి," అంటున్నాడు డాక్టరు. "మా పెద్దాయన్నే చూడండి. మీ అమ్మగారి వయసు ఉంటుంది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకటే నడక!"

అందరూ తలలు తిప్పి అతన్ని చూశారు. చెప్పాల్సింది అప్పుడే. కానీ ఆ ఆసుపత్రిలో అంతమంది ముందు అతన్ని ఎవరూ ఎప్పుడూ మెచ్చుకోలేదు. పిచ్చి మారాజు, పిడులు ఇంకాస్త గట్టిగా బిగించి పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు.

స్కానింగు గదికి తీసుకెళ్తుంటే టీచరమ్మ అంది: "అదృష్టవంతులండీ మీరు."

"అంతా ఈ బండి చలవేనమ్మా."

ఎంత వినయమో అనుకుని ఆమె నవ్వింది.

ఆమెను స్కానింగు గదిలో దింపి, ఖాళీ బండితో వెనక్కి వస్తూ నిశ్చయించుకున్నాడు. పని పోతే పోనీ, చెప్పేస్తాను. మాటలు కూడా అక్కర్లేదు. పిడులు వదిలి చూపిస్తే చాలు, ఆయనకి తెలిసిపోతుంది. అయినా చెప్పాల్సింది వల్లెవేసుకుంటూ డాక్టరు గది ముందు బండి ఆపుకుని నిలబడ్డాడు.

మధ్యాహ్నం డాక్టరు ఫోనులో మాట్లాడుతూ బయటికి వచ్చాడు.

"బాబూ," అని పిలిచి, పెద్దాయన పిడులు వదిలేశాడు.

"ఏంటి పెద్దాయనా?" డాక్టరు ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు. మంచివాడు, నిజంగానే ఆగాడు.

పెద్దాయన నోరు తెరిచాడు. అంతసేపూ వల్లెవేసుకున్నది మొత్తం ఎటో పోయింది. తన పాదాల వంక చూపించాడు. డాక్టరూ చూశాడు.

"చెప్పులు అరిగిపోయాయా? సూపర్‌వైజరుకి చెబుతాలే, కొత్తవి ఇప్పిస్తాడు," అని భుజం తట్టి, ఫోను మళ్ళీ చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడే తొడల వెంట వెచ్చగా కారటం తెలిసింది. పెద్దాయన చప్పున పిడులు అందుకుని, తడి ఎవరికీ కనబడకుండా బండి చాటున మరుగుదొడ్డి దాకా వెళ్ళాడు. దాని తలుపులోంచి బండి పట్టదు. బయట వదిలి, గోడ పట్టుకుని లోపలికి జరిగాడు. ఎలాగో పాంటు మార్చుకున్నాడు. బయటికి రావడానికి తిరగబోతే ఒళ్ళు తిరిగింది, పాదాలు తిరగలేదు. వెల్లకిలా పడ్డాడు. తల వెనక భాగం చేతులు కడుక్కునే తొట్టి అంచుకి తగిలింది.

తడి నేల మీద అలాగే కూర్చున్నాడు. కేక వెయ్యాలనిపించలేదు. వేస్తే వస్తారు, వస్తే ఎలా పడ్డావంటారు. ఆ కబురు సూపర్‌వైజరు దాకా పోతుంది. చివరికి కుళాయి పట్టుకుని లేచి, మొహం కడుక్కుని, మళ్ళీ బండి అందుకున్నాడు. సాయంత్రం దాకా పిలిచిన చోటికల్లా వెళ్ళాడు. తల దిమ్ముగా ఉంది. నర్సు ఏదో అడిగితే ఊఁ అన్నాడు.

పని దిగేవేళకి వరండా ఖాళీ అయింది. అతను బండి చుట్టూ గోడ పట్టుకుని తిరిగి, మొట్టమొదటిసారి అందులో కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ కూర్చోలేదు, కూర్చుంటే రోగినైపోతానని భయం. పాదాలు ఎత్తి బండికున్న కాలిమెట్ల మీద పెట్టుకున్నాడు. నేల వదిలిపోయింది. హాయిగా ఉంది. రేపు భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాలి అనుకున్నాడు. ఆమెకైతే మూడోది గుర్తుంటుంది. కళ్ళు మూతలు పడ్డాయి.

గేటు దగ్గర ఎంతసేపు చూసినా అతను రాకపోయేసరికి భార్య లోపలికి వచ్చింది. అప్పటికే డ్యూటీ డాక్టరు అతని చెయ్యి పట్టుకుని చూసి, మెల్లగా ఒళ్ళో పెట్టాడు.

"నిద్రలోనే పోయాడమ్మా. పెద్ద వయసు. బాధ పడి ఉండడు."

ఆమె అతని తల పొట్టకి అదుముకుంది. జుట్టులో బొప్పి చేతికి తగిలింది. సాయంత్రం రోగుల్ని చూడ్డానికి వచ్చిన మెదడు డాక్టరు అక్కడే ఆగిపోయాడు.

"పొద్దున నా గదిలో నిక్షేపంలా నిలబడ్డాడమ్మా," అన్నాడు. "ఎంత బాగా నడిచే మనిషి!"

ఆమె తల ఎత్తింది.

"ఎవరు బాబూ నడిచేది? ఈయనా? మంచం దగ్గర్నుంచి తలుపు దాకా నేనేగా లాక్కొచ్చేది. పాదం నేల వదిలితేనా!"

డాక్టరు ఆ పాదాల వంక చూశాడు. అతని చూపు బండికి తగిలించిన సంచీ మీద పడింది. తెరిచి ఉన్న సంచీ మూతిలోంచి తడి పాంటు కాలు వేలాడుతోంది.

"మూత్రం..." అన్నాడు.

ఆమె చటుక్కున సంచీ మూసేసింది. "వయసు కదా బాబూ," అంది, భర్త తరఫున తానే సిగ్గుపడుతూ.

మూడో ప్రశ్న డాక్టరు అడగలేదు.

పెద్దాయన్ని స్ట్రెచరు మీదికి మార్చి తీసుకుపోయారు. భార్య దాని అంచు పట్టుకుని వెంట వెళ్ళింది. దారికి అడ్డంగా మిగిలిన బండిని పక్కకి జరుపుదామని డాక్టరు చెయ్యి చాచి, అలాగే ఉండిపోయాడు. రెండు పిడుల మీదా వేళ్ళు పడిన చోటల్లా నల్ల రబ్బరు అరిగిపోయి, లోపలి ఇనుము మెరుస్తోంది.