ఒక్క బుడగ

మరిచిపోయిన టిఫిన్ డబ్బా కోసం బాబాయి మళ్లీ పైకెక్కుతూ, ఏడో మెట్టు మీద ఆగి, చెప్పులో రాయి దూరినట్టు కాలు దులిపాడు. రాయీ లేదు, రప్పా లేదు. గుమ్మంలో డబ్బా పట్టుకుని నిలబడ్డ భార్య అంతా చూస్తూనే ఉంది.

"ఈ మెట్లు కట్టినవాడికి కొలతలు తెలీవు," అన్నాడు.

"ముప్ఫై ఏళ్లు లేని ఎత్తు ఇప్పుడొచ్చిందా? ఆడలేక మద్దెల ఓడన్నాడట మీలాంటివాడే. ఇవాళైనా డాక్టరుకి చూపించుకోండి."

"ఆదివారం వెళ్దాంలే."

అలాంటి ఆదివారాలు ఎన్ని గడిచాయో ఆమె లెక్కపెట్టడం మానేసింది.

కార్ల రేడియేటర్లు బాగుచేసే షెడ్డు మేనల్లుడిది, పనితనం ఆయనది. వీధంతా ఆయన్ని బుడగల బాబాయి అంటారు. విప్పిన రేడియేటరును నీళ్లతొట్టిలో ముంచి, ఒక మూతికి బిరడా బిగించి, రెండో మూతికి రబ్బరు గొట్టం తగిలించి నోటితో ఊదుతాడు. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ కన్నం. సుద్దముక్కతో చుట్టూ సున్నా గీసి, సీసం కరిగించి మాటు వేస్తాడు. నలభై ఏళ్లుగా అదే వరస. గొట్టం చివర ఆయన కుడివైపు పళ్ల గాట్లు పడి రబ్బరు పలచబడింది. రెండేళ్ల కిందట ఆ అల్లుడే గాలి మిషను కొంటే, సవతిని చూసినట్టు చూశాడు. దానికి బలమే గానీ బుద్ధి లేదట, కన్నం లేనిచోట కూడా కన్నం పెడుతుందట.

బడిపిల్లల్ని దించేసి, తన పాత కారుతో డ్రైవరమ్మ వచ్చింది. తొమ్మిదిమంది పిల్లల్ని బడికి తిప్పడమే ఆమె జీవనం.

"షోరూములో కొత్త రేడియేటరే వెయ్యాలన్నారు బాబాయ్. పద్నాలుగు వేలట! ఆ మాట విని అక్కడే కూలబడ్డాను. రోజుకి నాలుగు సీసాల నీళ్లు తాగుతోంది ఇది. నువ్వేం చెబితే అది చేస్తా."

"తల నొప్పంటే తలే మార్చమంటారమ్మా వాళ్లు," అని నవ్వి, రేడియేటరు విప్పి తొట్టిలో ముంచాడు.

ఊదాడు. నీళ్లు కదల్లేదు. కళ్ల ముందు చిన్న చిన్న చుక్కలు తిరిగాయి. నిలదొక్కుకుని మళ్లీ ఊదాడు. తొట్టిలో ఆయన ముఖం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

"నిక్షేపంలా ఉందమ్మా. మూత వదులైంది, నీళ్లు అక్కడే ఆవిరైపోతున్నాయి. రెండొందల మూత మార్చుకుంటే చాలు."

"మిషనుతో కూడా ఒకసారి చూద్దామా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"నీ మిషను పుట్టకముందు నుంచి ఊదుతున్నా."

డ్రైవరమ్మ ఆయన చేతులు రెండూ పట్టుకుంది. నూనె మరకలైనా చూసుకోలేదు. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలో అన్నం ఆయనకు మరీ రుచిగా అనిపించింది.

నాలుగు దాటాక అదే కారును తాడు కట్టి లాక్కొచ్చారు. బానెట్ సందుల్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది. నడిరోడ్డు మీద ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. పిల్లల్ని వేరే బండి ఎక్కించి పంపించిందట. డ్రైవరమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది.

"నీ మాట మీద వెళ్లాను బాబాయ్," అంది, అంతే.

అల్లుడు రేడియేటరు విప్పి, ఎవర్నీ అడగకుండా గాలి మిషను పెట్టాడు. కిందిమూల నుంచి బుడగలు కుతకుతమంటూ లేచాయి. బాబాయి నమ్మలేక తొట్టి మీదికి వంగాడు.

"వేడికి ఇప్పుడే చిట్లి ఉంటుందిలే మామయ్యా," అన్నాడు అల్లుడు, మెల్లగా.

కాదు. కన్నం చుట్టూ చిలుము పచ్చగా పేరుకుని ఉంది. అది నెలలనాటి కన్నమని ఆయనకొకరు చెప్పాలా! పొద్దునా అది అక్కడే ఉంది. తాను ఊదాడు, నీళ్లు కదల్లేదు, రేడియేటరు బాగుందనుకున్నాడు. రేడియేటరు దాకా గాలి పోతేగా! మెట్లు గుర్తొచ్చాయి. నలభై ఏళ్లలో ఎవరి బండినీ నట్టేట ముంచని మనిషి, తన ఊపిరే తనతో అబద్ధమాడితే కనిపెట్టలేకపోయాడు.

"ఇంజిన్ పని ఎంతవుతుంది?"

"ముప్ఫై వేల దాకా. కొత్త రేడియేటరు కాక."

"రెండూ చేయించు. నా జీతంలో పట్టుకో."

"ఇప్పుడవన్నీ ఎందుకు మామయ్యా..."

"పట్టుకోమన్నాను."

డ్రైవరమ్మ తల తిప్పుకుంది. కొట్లు మూసేలోపు కొత్త రేడియేటరు తెద్దామని అల్లుడు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాడు.

షెడ్డులో ఒక్కడే మిగిలాడు. పాత రేడియేటరును మళ్లీ ముంచి, గొట్టం పళ్ల మధ్య బిగించాడు. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి తొట్టి అంచు పట్టుకోవలసివచ్చింది. మూడోసారి కళ్లు మూసుకుని, ఒంట్లో ఉన్నదంతా ఊదాడు. కళ్లు తెరిచేసరికి కిందిమూల నుంచి ఒక్క బుడగ, ఆవగింజంత బుడగ, తీరిగ్గా పైకొస్తోంది.

"ఇదుగో, దొరికావు," అన్నాడు.

రేడియేటరు తీసి, గుడ్డతో ఒత్తి, కన్నం చుట్టూ సుద్దతో సున్నా గీశాడు. గొట్టాన్ని రోజూలాగే మేకుకు తగిలించి, స్టూలు మీద కూర్చుని గోడకు చేరగిలబడ్డాడు.

కొత్త రేడియేటరు మోసుకొచ్చిన అల్లుడు, "మామయ్యా, పద్నాలుగు కాదు, బేరమాడితే పన్నెండుకే ఇచ్చాడు!" అంటూ లోపలికొచ్చాడు. దగ్గరికెళ్లి భుజం తట్టాడు. ఆయన తల ఒక పక్కకి వాలిపోయింది. కొత్త రేడియేటరు పెట్టె అల్లుడి చేతిలోంచి జారి నేలమీద పడింది. గుమ్మంలో ఉన్న డ్రైవరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఇప్పుడేగా... ఇప్పుడేగా మాట్లాడాడు," అంటూ అల్లుడు అదే మాట పదేపదే అన్నాడు.

మేకుకు వేలాడుతున్న గొట్టం చివర, పళ్ల గాట్లలో తడి ఇంకా ఆరలేదు.