సోఫాలక్క పళ్ళకి క్లిప్పులు

సోఫాలక్క పళ్ళకి క్లిప్పులు వేయించుకుందన్న సంగతి ఆ వీధిలో అందరికంటే ఆఖరున తెలిసింది ఆమె నాన్నకే. తెలిసిన తీరు కూడా ఏమంత బాగాలేదు. షాపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్న పెద్దాయన దగ్గరికి పక్కనున్న తాళాల షాపతను వచ్చి, "ఏం పెద్దాయనా, మీ అమ్మాయి నోటికి గ్రిల్లు పెట్టించిందటగా!" అని నవ్వాడు. పెద్దాయన స్టూలు అక్కడే వదిలేసి లోపలికి వచ్చాడు.

"ఏదీ, నోరు తెరువు."

తెరిచింది. పైన తీగ, కింద తీగ, పంటికో బిళ్ళ. ఆయన అటునుంచి చూశాడు, ఇటునుంచి చూశాడు. బాగుచేతకు వచ్చిన పాత సోఫాను ఎలా చూస్తాడో అలాగే చూశాడు.

"నీ కూతురికి పెళ్ళయితే రేపో మాపో అమ్మమ్మవవుతావు. ఇప్పుడెందుకే ఈ సోకు? ఎవరు చూడాలని?"

"నేను చూసుకోవాలని" అంది సోఫాలక్క.

అంత ధీమాగా అనగలిగిందంటే అప్పటికింకా నొప్పి మొదలు కాలేదన్నమాట.

కుర్చీలకూ సోఫాలకూ కొత్త గుడ్డ వేసి బిగించడం ఆ ఇంటి పని. తండ్రి దగ్గర నేర్చుకుంది, తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక షాపంతా తనే నడుపుతోంది. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె సోఫాలక్కే. కన్నతల్లి పెట్టిన పేరు రేషను కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు. చిన్నప్పటినుంచీ ఆమెకు పన్ను మీద పన్ను. కింది పళ్ళు వెళ్ళి పైచిగుళ్ళకు గుచ్చుకునేవి. ఇలాగే వదిలేస్తే ఇంకొన్నేళ్ళకు కదిలిపోతాయని పళ్ళ డాక్టరమ్మ చెప్పింది. అది ఒక కారణం. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి ఫోటోలో కూడా ఆమె పెదవులు బిగించుకునే ఉంది. ఆ ఫోటో చూసిన ప్రతివాళ్ళూ, "అబ్బాయి నచ్చలేదా ఏమిటి?" అని అడిగేవారు. అబ్బాయి నచ్చాడు. పళ్ళే నచ్చలేదు.

నొప్పి మరునాడు పొద్దున వచ్చింది. చుట్టపుచూపుగా రాలేదు, ఇల్లు తన పేర రాసిచ్చినట్టు వచ్చి కూర్చుంది. ఫలానా పన్ను అని చూపించడానికి లేదు, ఉన్నవన్నీ కూడబలుక్కుని సమ్మెకు దిగాయి. నాలుక తగిలితే చాలు, ప్రాణం జివ్వుమనేది. అరటిపండు కొరికితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బోసినోటివాళ్ళు తినే పండు, అదీ కొరకలేకపోయింది! బుగ్గల లోపల తీగ గీరుకుని పుండ్లు పడ్డాయి. డాక్టరమ్మ ఇచ్చిన మైనాన్ని చిన్న ఉండ చేసి మొన మీద అద్దుకునేది, ఉప్పునీళ్ళు పుక్కిలించేది, మరీ తట్టుకోలేకపోతే మాత్ర వేసుకునేది.

భర్త బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్ళేముందు బంగాళాదుంపలు ఉడకబెట్టి, చిదిమి, పాలు కలిపి గిన్నెలో పెట్టి తెచ్చాడు.

"మన పిల్లదానికి పళ్ళు రాకముందు నా చేత్తో ఇదే తినిపించాను. అదయితే తిన్నంత తిని తక్కింది నా మొహాన ఉమ్మేది."

"నేనూ ఉమ్ముతాను. ఇందులో ఉప్పేదీ?"

"పుండ్లు మండుతాయని వెయ్యలేదు."

ఆమె గిన్నె అందుకుంది. చప్పటి బంగాళాదుంపను చెంచాతో చివరిదాకా తింది.

తినడం ఒక ఎత్తు, పని ఒక ఎత్తు. కుర్చీకి గుడ్డ వేసేవాళ్ళకు రెండు చేతులు చాలవు. ఎడమచెయ్యి గుడ్డను లాగి పట్టుకోవాలి, కుడిచేతిలో సుత్తి ఉంటుంది. మరి మేకు అందించేదెవరు? నోరే. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోదాన్నీ తిప్పి, తల బయటికి వచ్చేలా పెదవుల మధ్యకు తెస్తారు. సుత్తికి ఒక కొసన అయస్కాంతం ఉంటుంది. పెదవులకు ఆనిస్తే మేకు అంటుకుని వచ్చేస్తుంది, గుడ్డ మీద ఒక్క దెబ్బ. పెదవి, దెబ్బ, పెదవి, దెబ్బ. ఆ షాపులో కబుర్లాడకుండా పని చేస్తారని ఊళ్ళో మంచి పేరు. నోటినిండా మేకులుంటే కబుర్లెవరాడతారు!

క్లిప్పులు వేయించుకునేటప్పుడు ఈ సంగతి ఆమెకు తట్టకపోలేదు. డబ్బాలోంచి తీసుకుంటే సరిపోతుందిలే అనుకుంది. సరిపోలేదు. మేకు కోసం వంగిన ప్రతిసారీ ఎడమచేతి కింద గుడ్డ జారేది, ముడత పడేది, పీకి మళ్ళీ కొట్టాల్సి వచ్చేది. దానికి తోడు సుత్తి దెబ్బ చెక్కకు తగిలితే, చేతిలోంచి భుజానికి, భుజం నుంచి దవడకు పాకి పళ్ళన్నీ గణగణమనేవి. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసొచ్చింది. కుర్చీ అడుగున పట్టీ లాగి బిగించేటప్పుడల్లా తను పళ్ళు కొరుకుతుందట. ఇన్నేళ్ళూ ఆ సంగతే తెలియదు. ఇప్పుడు కొరికిన ప్రతిసారీ పట్టపగలే చుక్కలు కనిపించాయి.

ఆ సమయంలోనే నాటకాల హాలు పని నెత్తిన ఉంది. పాత హాలుకు రంగులు వేసి మళ్ళీ తెరుస్తున్నారు. ముందు వరసల చెక్క కుర్చీలన్నిటికీ కొత్త మఖమల్ వెయ్యాలి. తెరిచే రోజు ఖాయమైంది, గోడల మీద కాగితాలు కూడా అంటించారు. కుర్చీలు ఆ రోజుకు అందకపోతే ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి పడేస్తానని హాలు మేనేజరు ముందే చెప్పాడు. ఆ హాలు కట్టినప్పుడు ఆ కుర్చీలకు మొదటిసారి గుడ్డ వేసింది పెద్దాయనే. వాటి స్థానంలో ప్లాస్టిక్ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండేది.

"మునుపటి పనిలో సగం కూడా అవడం లేదు నీకు. తీయించెయ్యవే ఆ ఇనుము" అనేవాడు గుమ్మంలోంచి.

ఒకరోజు మేనేజరు పని చూడడానికి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, "ఏంటక్కా, ఇంకా ఈ వరసలోనే ఉన్నావా?" అన్నాడు. సోఫాలక్కకు రోషం పొడుచుకొచ్చింది. చెయ్యి దాని పాటికది డబ్బాలోకి పోయింది, గుప్పెడు మేకులు నోట్లోకి పోయాయి. ఎన్నేళ్ళ అలవాటో! మొదటి నాలుగైదూ చకచకా దిగాయి. పుట్టింటికి వచ్చినంత హాయిగా అనిపించింది. అంతలో ఒక మేకు తీగ కిందికి దూరింది. ఆమె చూసుకోలేదు. అయస్కాంతం తలను పట్టుకుంది, ఆమె సుత్తిని లాగింది. టప్పుమని బిళ్ళ ఊడింది. నోట్లో మేకులన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి, ఆ ఒక్కటి మాత్రం తీగలో అడ్డంగా ఇరుక్కుని ఉండిపోయింది.

"అమ్మో, మేకు మింగిందేమిటండీ!" అని మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు.

పెద్దాయన పటకారు పట్టుకుని పరుగున వచ్చాడు. "కదలకు. ఒక్క గుంజు గుంజితే వచ్చేస్తుంది."

సోఫాలక్క రెండు చేతులతో నోరు మూసుకుని, మేకుతో సహా ఆసుపత్రి దాకా నడిచింది.

డాక్టరమ్మకు పట్టుమని ముప్ఫై ఏళ్ళు ఉండవు. మేకు తీసి ట్రేలో వేసి, కాసేపు దానికేసే చూసింది.

"ఇది మింగుంటే ఏమయ్యేదక్కా?"

"ముప్ఫై ఏళ్ళుగా మింగలేదు డాక్టరమ్మా."

"ముప్ఫై ఏళ్ళుగా తీగ లేదు కదక్కా."

సోఫాలక్క మళ్ళీ నోరు తెరిచింది. డాక్టరమ్మ ఊడిన బిళ్ళ అతికించి, వంగిన తీగ తీసి కొత్తది వేసింది. "ఇంకోసారి ఇలా వచ్చారంటే అన్నీ నేనే తీసేస్తాను. మేకులు కావాలో క్లిప్పులు కావాలో తేల్చుకోండి" అంది.

కొత్త తీగతో నొప్పి మళ్ళీ అ ఆల నుంచి మొదలైంది. షాపుకు వచ్చేసరికి పెద్దాయన వాకిట్లోనే ఉన్నాడు.

"ఏమందీ?"

"మేకులో క్లిప్పులో తేల్చుకోమంది."

"తేల్చుకోవడానికి ఏముందే? కూడు పెట్టేది ఏది?"

"రెండూ వదలను నాన్నా."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"తెలీదు. హాలు తెరిచే రోజుకు కుర్చీలు అవకపోతే నా అంతట నేనే వెళ్ళి తీయించుకుంటాను. అందాకా ఈ మాట ఎత్తకు."

అనేసింది గానీ ఆ పూటంతా సుత్తి ముట్టలేదు. దవడకు తడిగుడ్డ చుట్టుకుని, ఫోము ముక్కల కుప్ప ముందు కూర్చుంది. పెదవులు చేసే పని ఏమిటి? మేకును తల పైకి ఉండేలా పట్టుకుని, సుత్తి అడగ్గానే వదిలెయ్యడం. అంతే కదా! గట్టి ఫోము ముక్క ఒకటి కోసి, రెక్సిన్‌తో గాజులా కుట్టి, ఎడమచేతి మణికట్టుకు కట్టుకుంది. అందులో మేకుల్ని నిటారుగా గుచ్చింది. గుడ్డను పట్టుకున్న చెయ్యి ఎక్కడుంటే మేకులూ అక్కడే ఉంటాయి, వంగక్కర్లేదు. సుత్తి ఆనించింది. మేకు వచ్చింది. ఆనందం పట్టలేక గట్టిగా ఇంకోసారి ఆనించేసరికి మేకు కిందికి దిగి మణికట్టులో గుచ్చుకుంది.

"పళ్ళు చాలలేదనుకుంటా, చేతిక్కూడా పెట్టించుకుంటోంది" అన్నాడు పెద్దాయన గోడకేసి చూస్తూ.

ఫోము అడుగున తోలు ముక్క వేసి మళ్ళీ కుట్టింది. ఈసారి దిగలేదు.

నిజం చెప్పాలంటే నోటికున్న వేగం దానికి రాలేదు. మేకులు అయిపోగానే ఆగి మళ్ళీ గుచ్చుకోవాలి. ఇంకోటి కుట్టి పక్కన పెట్టుకుంది, అయితే గుచ్చేదీ తనేగా. పళ్ళ సలుపు ఒకపక్క. పంటి బిగువున పని చెయ్యడమంటారే, ఆమెకు అదీ లేదు, పళ్ళు బిగిస్తే ఇంకా నొప్పి. పట్టీ లాగేటప్పుడు నోరు కొంచెం తెరిచి, ఊపిరి వదులుతూ లాగడం నేర్చుకుంది. చిన్నపిల్ల నడక నేర్చినట్టు, తెలిసిన పనినే మొదటినుంచీ నేర్చుకుంది. తెరిచే రోజు ముంచుకొస్తోంది, ఇంకా మూడు వరసలు మిగిలే ఉన్నాయి.

అలాంటి ఒక పూట మణికట్టు మీది మెత్త ఖాళీ చేసి పక్కకు చూసేసరికి, రెండోది నిండుగా గుచ్చి ఉంది. తలలన్నీ ఒకే ఎత్తున, నాటిన నారులా వరసగా. పెద్దాయన మూడోదానికి ఫోము కోస్తున్నాడు.

"ఏంటలా చూస్తావు? సుత్తికి వణికే చెయ్యి మేకు గుచ్చడానిక్కూడా పనికిరాదా? పని చూసుకో."

అప్పటినుంచీ ఆమె ఖాళీ చెయ్యడం, ఆయన నింపడం. ఇంకో విచిత్రం జరిగింది. ఇద్దరి నోళ్ళూ ఖాళీగా ఉండడంతో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ తండ్రీ కూతుళ్ళు పని చేస్తూ మాట్లాడుకున్నారు. ఏ కుర్చీలో ఎవరు కూర్చునేవారో, ఏ ఆసామి బరువుకు స్ప్రింగు తెగిందో, ఏ కుర్చీ అడుగున ఎవరు దాచిన బఠానీలు దొరికాయో, అన్నీ ఆయన చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగి, "నా ముందు పళ్ళు రెండూ మేకులకే విరిగాయే. మీ అమ్మతో మెట్ల మీద పడ్డానని చెప్పాను" అన్నాడు.

"అమ్మ నమ్మిందా?"

"మన ఇంటికి మెట్లే లేవు. అయినా నమ్మినట్టే ఊరుకుంది."

సోఫాలక్కకు నవ్వొచ్చింది. నవ్వితే బుగ్గ తీగకు గీరుకుని నొప్పి పుట్టింది. అయినా ఆపలేకపోయింది.

హాలు తెరిచే ముందురోజు ఆఖరి కుర్చీ హాలుకు చేరింది. మేనేజరు ఒక్కో కుర్చీ మీదా చెయ్యి వేసి నిమిరి చూశాడు. ముడత అన్నది లేదు. "ఎలా చేశావక్కా?" అన్నాడు. ఆమె ఎడమచెయ్యి ఎత్తి మణికట్టు చూపించింది. మాట్లాడలేక కాదు, చూపిస్తేనే బాగుంటుందనిపించి.

క్లిప్పులు బిగించే రోజు మళ్ళీ వచ్చింది. తనూ వస్తానని పెద్దాయన ఉతికిన చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఎందుకంటే చెప్పడు. ఆసుపత్రి ముందుగదిలో అందరూ స్కూలు పిల్లలూ, వాళ్ళ తల్లులూ. సోఫాలక్కను లోపలికి పిలిచారు. తలుపు ఓరగా ఉండిపోయింది.

"ఎలా ఉందక్కా? ఈసారి కొంచెం వదులుగా వెయ్యనా? పనికి ఇబ్బందన్నారుగా" అంది డాక్టరమ్మ.

సోఫాలక్కకు హాలు కుర్చీల మఖమల్ గుర్తొచ్చింది. మఖమల్‌ను ఒక్కసారిగా లాగితే చిరుగుతుంది, వదులుగా వదిలేస్తే ముడత పడుతుంది. లాగాల్సినంత లాగాలి, కొంచెం కొంచెంగా, ఆగి ఆగి.

"వద్దు డాక్టరమ్మా. ఎంత బిగించాలో అంత బిగించు. నా పని నేను చూసుకుంటాను."

డాక్టరమ్మ తీగ మీద పటకారు వేసింది. ముందుగదిలోంచి పెద్దాయన గొంతు వినిపిస్తోంది. ఏడుస్తున్న స్కూలు పిల్లతో మాట్లాడుతున్నాడు.

"ఊరుకో తల్లీ. రెండ్రోజులు సలుపుతుంది, అంతే. బంగాళాదుంప చిదిమి తిను. లోపలున్నది మా అమ్మాయి. ఈ వయసులో వేయించుకుంది. ఆ నొప్పితోనే నాటకాల హాలులో కుర్చీలన్నీ తనొక్కతే చేసింది, ముందు నుంచి వెనక దాకా, బాల్కనీతో సహా! మేకులు పట్టుకోవడానికి చేతికి కట్టుకునేది కూడా తనే కనిపెట్టింది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు."

ముందు వరసలే నాన్నా, ఆ హాలుకు బాల్కనీయే లేదు, మేకులన్నీ గుచ్చింది నువ్వేగా అని చెప్పాలనిపించింది సోఫాలక్కకు. నోట్లో డాక్టరమ్మ చెయ్యి ఉంది. ఖాళీగా ఉన్నా చెప్పేది కాదేమో. నొప్పి మెల్లగా పళ్ళలోకి దిగుతుంటే, కుర్చీ చేతుల మీద చేతులు వదులుగా వేసి, నోరు ఇంకాస్త పెద్దగా తెరిచి వింటూ పడుకుంది.