మూడు కదుర్ల పప్పు

పప్పు ఉడుకుతోంది.

మూడు రాళ్ళ పొయ్యి మీద సత్తుగిన్నె. మూత అంచున తెల్లటి నురగ. పొయ్యి పక్కన భద్రమ్మ చేతిలో కదురు తిరుగుతోంది... నల్ల ఉన్ని సన్నగా సాగి, దారమై, కదురుకు చుట్టుకుంటోంది.

ఒక కదురు నిండింది. భద్రమ్మ గిన్నెలోంచి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కి చూసింది. ఇంకా పలుకే.

ఎదురుగా పీట మీద మంజులత కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి, లెక్కల పంతులమ్మ. ఆకలి దంచేస్తోంది. అయినా తొందర లేదు. ఈ పప్పు ఎంత ఆలస్యమైతే ఆమెకు అంత సంతోషం.

ఎందుకంత సంతోషమో తెలియాలంటే జడ్చర్ల నుంచి మొదలుపెట్టాలి.

జడ్చర్లలో వాళ్ళ నాయిన బస్సు కండక్టరు. సెలవుల్లో కూతుర్ని వెంట తీసుకుపోయేవాడు. ఈ ఊళ్ళో పదిమంది ఎక్కారు, ఒక ఊరు దాటాక వచ్చే ఊళ్ళో రోజూ ముప్పై మంది ఎక్కుతారు, మరి మధ్య ఊళ్ళో ఎంతమందో చెప్పు బిడ్డా, అనేవాడు.

ఆమె చెప్పేది. తప్పేది. మళ్ళీ చెప్పేది.

దగ్గరి ఊరి మాట ఎక్కువ విను, దూరపు ఊరి మాట తక్కువ విను — ఇదీ ఆయన నేర్పిన కిటుకు. చింతకాయ చప్పరిస్తూ నేర్చుకున్న కిటుకు.

పెద్దయ్యాక ఆ కిటుకే ఆమె గణితమైంది.

చూసిన చోట్లను అడిగి, చూడని చోటు సంగతి చెప్పడం. అక్కడితో ఆగకుండా, చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా పక్కనే రాయడం. ఆ దారిలో ముందుగా నడిచిన కొద్దిమందిలో ఆమె ఒకరు. ఆమె సూత్రంతో ఎవరో ఎక్కడో భూమిలో బంగారం వెతికారు. ఎవరో వాన కొలిచారు. ఎవరో జ్వరం ఏ వాడకు పాకుతుందో ముందే చెప్పారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ ముందే గెలిచింది. ఇల్లు మిగిలిపోయింది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఉద్యోగం చాలించుకుని, ఆ మిగిలిన దానికోసం సొంత నేలకు వచ్చింది.

దేవరకొండ దాటి నందికొండ పోయే దారిలో, గుట్టల నడుమ ఒక ఊరు. కొండలకు అవతల కృష్ణ నీళ్ళు కనుచూపు మేర నిలిచి ఉన్నాయి. ఇవతల బావులే దిక్కు. బావుల నీళ్ళలో ఫ్లోరైడ్. బడిపిల్లలు నవ్వితే పళ్ళ మీద పసుపుపచ్చ చారలు. అందుకని నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు.

ఆ బడికి ఒక్క బోరు మంజూరైంది. ఒక్కటే. పదిరోజుల్లో బోరుబండి వస్తుందన్నారు. ఎక్కడ దింపాలో చెప్పవమ్మా అని సర్పంచు మంజులతను అడిగాడు.

తప్పు చెబితే... పిల్లలు ఏళ్ళ తరబడి ఆ తప్పునే తాగాలి.

ఊరిని అడిగితే ఊరు ఒకే మాట చెప్పింది. చెన్నయ్య బావి పక్కన వేయండి. ఆ నీళ్ళు తియ్యన. సబ్బు తగిలితే చాలు, నురగ. పప్పు ఇట్టే వెన్నలా ఉడుకుతుంది. పప్పు ఉడకని నీళ్ళూ ఒక నీళ్ళేనా? అలాంటివి పశువులకు పోసుకోవచ్చు.

మంజులత ఇరవై మూడు బావుల నుంచి ఇరవై మూడు సీసాలు నింపి నల్లగొండకు పంపింది. ఇరవై మూడు అంకెలు వచ్చాయి.

అన్నిటికన్నా చెడ్డ అంకె చెన్నయ్య బావిది.

ఆమె కిరాయికి దిగింది చెన్నయ్య ఇంట్లోనే. చెన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య భద్రమ్మ ఉంది. గొర్ల మందతో ఊరి చుట్టూ నలభై ఏళ్ళు తిరిగి, ఇప్పుడు అరుగు మీద ఉన్ని వడుకుతూ కూర్చున్న మనిషి. మెడ తిరగదు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. పొద్దున్నే మా ఆయన బావి నీళ్ళు అంటూ చెంబు నిండా తెచ్చి ఇచ్చేది. మంజులతకు ఆ చెంబు అందుకోవాలంటే ప్రాణం చచ్చిపోయేది... చెప్పలేకపోయేది.

పటం గీసింది. ప్రతి బావి చుట్టూ వలయాలు. నాయిన కిటుకే — దగ్గరి బావి మాట ఎక్కువ, దూరపు బావి మాట తక్కువ. పాత ఇటుకబట్టీ దగ్గర సీసా నింపని జాగా ఒకటుంది. దానికి దగ్గరలో ఒక మంచి బావి ఉంది. కాబట్టి అక్కడ నీళ్ళు మంచివే కావాలి. ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టింది.

భద్రమ్మ ఒళ్ళంతా తిప్పి పటంలోకి చూసింది. ఈ చుక్కేమిటని అడిగింది. ఇటుకబట్టీ అని మంజులత చెప్పింది.

“గాడ ఒక బాయి ఉండె, మా మంద ఆగేది. గా బాయినీళ్ళల్ల ఒక్క కదురుకే పప్పు ఉడికేది” అంది భద్రమ్మ.

కదురేమిటి, పప్పేమిటి? మంజులతకు మొదట అంతుపట్టలేదు. అడిగితే తెలిసింది. మంద ఎక్కడ ఆగితే అక్కడి బావి నీళ్ళతోనే వంట. పప్పు పొయ్యి మీద పెట్టి, ఊరికే కూర్చోకుండా ఉన్ని వడికేది భద్రమ్మ. కొన్ని బావుల దగ్గర ఒక కదురు నిండేసరికి పప్పు ఉడికేది. కొన్నిచోట్ల రెండు. కొన్నిచోట్ల మూడు కదుర్లు నిండినా పలుకు పోయేది కాదు. గడియారం లేని మనిషి. మరచిపోవడం రాని మనిషి.

రెండు రోజులు కూర్చుని చెప్పింది. అరవై ఒక్క బావులు. కొన్ని ఎప్పుడో పూడిపోయాయి. మంజులత రాసుకుంది... ఒకటి, మూడు, మూడు, రెండు, ఒకటి.

సీసాలు నింపిన బావుల అంకెల పక్కన కదుర్లు పెట్టి చూసింది.

పెన్సిలు ఆగిపోయింది.

ఒక్క కదురు బావులన్నిట్లో విషం ఎక్కువ. మూడు కదుర్ల బావులన్నిట్లో తక్కువ. నీళ్ళలో సున్నం ఉంటే పప్పు ఉడకదు, కానీ ఆ సున్నమే ఫ్లోరైడ్‌ను పట్టేస్తుంది. ఊరు ఏ గుణం చూసి మురిసిందో ఆ గుణమే విషానికి గుర్తు. నమ్మబుద్ధి కాక ఇంకో ఐదు సీసాలు పంపింది. అవీ అదే చెప్పాయి. ఇంకో ఊరి నేలకు ఇది వర్తించకపోవచ్చు. ఈ ఊరి నేలకు మాత్రం నిజం.

కదుర్లను పటం మీద వేసింది. ఊరిని నిలువునా చీల్చుతూ నల్ల బండల వరుస ఒకటి పోతుంది. దానికి తూర్పున అన్నీ ఒకట్లు. పడమరన అన్నీ మూళ్ళు. ఆమె వలయాలు మాత్రం ఆ బండలను దాటి హాయిగా అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎర్ర చుక్క తూర్పున ఉంది. దాన్ని మంచిదనిపించిన బావి పడమరన ఉంది.

దగ్గరున్నాయి కదక్కా, ఒకలాగే ఉండాలి కదా, అంది మంజులత చిన్నపిల్లలా.

“పక్కపక్క ఇండ్లల్ల ఉంటే సుట్టాలైతరా చెల్లె? నీళ్ళు గూడ గంతే. నల్లరాయి దాటి పిల్లనియ్యవు.”

నలభై ఏళ్ళ గణితం ఆ ఒక్క మాట ముందు చేతులు కట్టుకుని నిలబడింది. సిగ్గేసింది. ఆ వెంటనే, చెప్పలేనంత ఆనందం వేసింది.

ఆ ఆనందంలోనే ఇన్నాళ్ళూ దాచిన మాట గుర్తొచ్చింది — చెన్నయ్య బావి నల్లరాయికి తూర్పున ఉంది.

ఇక దాచలేదు. ఆ బావి అంకె చెప్పేసింది. భద్రమ్మ చేతిలో కదురు ఆగింది.

బోరుబండి వచ్చిన రోజు ఊరంతా బడి ముందు చేరింది. మంజులత పటం విప్పి, నల్లరాయికి పడమర అంది. అంకెలు చదివింది. ఎవరికీ ఎక్కలేదు. ఆ నీళ్ళకు పప్పు ఉడకదు కదమ్మా అన్నారు. ఎంత నమ్మవచ్చని సర్పంచు అడిగాడు. అబద్ధం చెప్పడం చేతగాని లెక్క ఆమెది. పూర్తిగా నమ్మమని చెప్పలేను అంది. జనం గొణిగారు. డ్రైవరు బండిని చెన్నయ్య బావి వైపు తిప్పబోయాడు.

అప్పుడు భద్రమ్మ కర్ర ఊతంతో లేచింది.

“గా బాయి మా ఆయన తవ్విండు. తియ్యగున్నయని అందరికన్న ఎక్కువ నేనే తాగిన. ఇగో, మెడ తిప్పలేను, సూస్తున్నరు గద. పోరగాండ్లకు గీ మెడ ఒద్దు. బండిని పడమర దింపుండ్రి.”

బండి పడమరకు తిరిగింది.

నీళ్ళు పడ్డాయి. సీసా నల్లగొండకు పోయింది. ఫ్లోరైడ్ ఒకటి దాటకుంటే మంచినీళ్ళే. సున్నా పాయింట్ తొమ్మిది ఉండొచ్చని మంజులత రాసిపెట్టుకుంది. సున్నా పాయింట్ ఎనిమిది వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె అరుగు మీద కూర్చుని ఏడ్చింది. బడిలో వంట చేసే ఆమె మాత్రం నెలరోజులు ఈ పప్పు చల్లగుండ అని తిట్టుకుంది. తిట్టుకుంటూనే వండింది.

వ్యాసం రాసింది మంజులత. పైన రెండు పేర్లు. మొదటి పేరు భద్రమ్మ. కదురు అనే కొలత శాస్త్రంలో లేదు, నిమిషాల్లోకి మార్చండి అని పరదేశం నుంచి ఉత్తరం వచ్చింది. మార్చనంది. అచ్చులో కదురు కదురుగానే ఉంది.

ఆ తర్వాత ఇంటింటికీ నల్లా వచ్చింది. కృష్ణ నీళ్ళు కొండ దాటి వచ్చాయి. నల్లా రాని రోజున ఇప్పటికీ బడి బోరే.

ఏటా ఎండాకాలంలో మంజులత వస్తుంది. ఏటా భద్రమ్మ ఆ బోరునీళ్ళే తెప్పించి పప్పు పెడుతుంది. బోరు పడిన ఏడు ఒకటో తరగతిలో చేరిన ముని మనుమరాలు మనీష, ఇప్పుడు కాలేజీ పిల్ల, గడపలో నిలబడి ఫోనులో ఏదో చూసి నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

తెల్లటి పళ్ళు.

భద్రమ్మ మెడ మాత్రం అలాగే ఉంది. ఆ నవ్వు వినిపించి, చూడ్డానికి ఒళ్ళంతా మెల్లగా తిప్పుతోంది. ఏ సూత్రమూ ఆ మెడను నిమరలేదు. మంజులత లేచి పీటను ఆమెకు దగ్గరగా జరుపుకుంది. ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

“నువ్వు లేకుంటే నేను తప్పు చెప్పేదాన్నక్కా” అంది. ఏటా అనే మాటే.

రెండో కదురు నిండింది. గింజ తీసి నొక్కింది.

“ఇంక గాలే. కూసో చెల్లె.”

మూడో కదురు తిరగడం మొదలైంది. మూత అంచున తెల్లటి నురగ...

పప్పు ఉడుకుతోంది.