అడగకుండా ఊడ్చినదాన్ని

నేను ఒక డిఫాల్టును. కంటికి కనిపించను, చేతికి తగలను. కంప్యూటరుకు మనిషి ఒక ఆజ్ఞ టైపు చేసి, అది ఎలా చేయాలో చెప్పకుండా వదిలేస్తే, ఆ చెప్పని మాట చోట నిలబడి పని కానిచ్చేదాన్ని.

పుట్టింది విశాఖపట్నంలో, ఒక చిన్న ఆఫీసువాళ్ళు తయారుచేసుకున్న 'దొంతర' అనే పనిముట్టులో. ఫైళ్ళలో చేసిన ప్రతి మార్పునూ కుండ మీద కుండలా పేర్చి దాచడం దాని పని. దొంతరకు ఎక్కించినది పోదు. ఎక్కించనిది దాని లెక్కలో చెత్తే. ఆ చెత్త తీయడానికి 'ఊడ్చు' అనే ఆజ్ఞ ఉంది. ఊడ్చే ముందు అడగాలా వద్దా? తయారుచేసిన పైడిరాజు గంటగంటకూ ఫైళ్ళు ఎక్కించే మనిషి. మాటిమాటికీ అడిగితే విసుగని, అడగకుండా ఊడ్చేలా నన్ను రాశాడు. లోకమంతా తనలాగే ఉంటుందనుకోవడం తెలివైనవాళ్ళ అమాయకత్వం. అప్పట్లో నాకూ గర్వంగానే ఉండేది.

అదే ఆఫీసులో సత్యవేణి మత్స్యకారుల మాటలకు నిఘంటువు కడుతోంది. గరగయ్య అనే ముసలాయన ఎదుట కూర్చుని, సముద్రం మీది గాలుల పేర్లు అరవై రెండు నేరుగా కంప్యూటరులోనే కొట్టుకుంది. దొంతరకు ఎక్కిస్తే ఆఫీసంతా చూస్తుంది; తప్పులున్న పని నలుగురికీ చూపించడం ఆమెకు నామోషీ. అన్నీ దిద్దాకే ఎక్కిద్దామని ఆగింది. ఈలోగా గరగయ్య పోయాడు. దినం భోజనం చేసొచ్చిన మర్నాడు, పనికిరాని ఫైళ్ళు పేరుకుపోయాయని 'ఊడ్చు' అని కొట్టింది.

నేను అడగలేదు. అరవై రెండు పేర్లూ వాటితోపాటే పోయాయి.

"ఎక్కించకుండా ఊడిస్తే ఎలాగండీ? దొంతర వాడకం పుస్తకంలో రాశాను కదా," అన్నాడు పైడిరాజు.

"ఏ పేజీలోనండీ?"

"నలభై ఒకటి."

"అందాకా చదివినోలు ఎవులైనా ఉన్నారేటి?"

"నేనున్నాను," అని, వెంటనే తల దించుకున్నాడు.

"మా యమ్మ దీపాలెట్టాక ఇల్లూడిస్తే తుక్కు బయట పారీదండి. మూలకి నెట్టి ఉంచుతాది. తెల్లారి సూసి అప్పుడు పారేస్తాది. ముక్కుపుడక పడిపోనా దొరుకుతాది. ఒక్క మాట అడిగితే మీ దొంతర సొమ్మేటి పోద్దండీ?"

పైడిరాజు నన్ను రాసిన వరుస తెరిచి మళ్ళీ చదువుకున్నాడు.

ఆ వారమే ఆయన ఆజ్ఞను తిరగరాశాడు. ఇప్పుడు 'ఊడ్చు' అంటే ముందు ఒక మాట అడుగుతుంది, సరేనంటే ఫైళ్ళు 'మూల' అనే చోటికి చేరి నెల రోజులు ఉంటాయి. నన్ను మాత్రం తీసేయలేదు. పాత అలవాటువాళ్ళ కోసం, 'అడగొద్దు' అని విడిగా టైపు చేస్తేనే లేచేలా ఒక పక్కన ఉంచాడు.

తర్వాత వాళ్ళిద్దరూ గరగయ్య భార్య పోలమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆమెకు పదకొండు పేర్లు గుర్తొచ్చాయి. "మిగతావి ఆడికే తెల్సమ్మా, గాలికెదురెళ్ళినోడు ఆడు కదా," అందట. సత్యవేణి ఆ పదకొండూ రాసిన వెంటనే, తప్పులతో సహా, దొంతరకు ఎక్కించింది. పన్నెండు నుంచి అరవై రెండు దాకా అంకెలు వేసి, పక్కన ఖాళీ వదిలింది.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో తొందరలో ఉన్నవాళ్ళు 'అడగొద్దు' అని నన్ను పిలుస్తారు. ఆ యాభై ఒక్క ఖాళీలూ గుర్తొచ్చి, ఒక్క క్షణం ఆగి, "ఏమీ పడిపోలేదు కదా?" అని అడగాలనిపిస్తుంది. కానీ అడగడం నాలో రాయలేదు. ఊడ్చేస్తాను.