చెక్క అరుగు కింద నీళ్లు

సాయంత్రానికి కొమురవ్వ ఇంటికి వస్తుంది. కాలు విరిగి, నగరం అవతలి జోల్వాలో కూతురు సుమన ఇంట్లో వానాకాలమంతా మంచం మీదే గడిపిన ముసలామె, ఇప్పుడిప్పుడే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మరమగ్గాల కార్ఖానాలుండే భేస్తాన్‌లోని ఈ ఇంటి గడప ఎక్కాలంటే ముందు చెక్క అరుగు దాటాలి. ఆమె కాలు విరిగింది ఆ అరుగు మీదే.

గల్లీలో వాననీళ్లు నిలుస్తాయని, కార్ఖానాలో మగ్గాల సాంచాలు దిగిన పెద్ద పెట్టెల చెక్కలు తెచ్చి ఆమె పెనిమిటి కట్టిన అరుగు అది. ఆయన పోయాక దానికి ఒక్క చుక్క రంగు పడలేదు. ఎండకు బూడిదరంగు తిరిగింది, వానకు పాచి పట్టింది. తొలి వానల్లో ఓ పొద్దున గడప ముందరి చెక్క కొమురవ్వ కాలి కింద ఫెళ్లుమంది. ఆమెను ఆటోలో ఎక్కిస్తూనే కొడుకు పరమేశ్ గల్లీ అంతా వినేలా పెళ్లాం మంగను అన్నాడు.

"దీని మీదనే కూసొని గిన్నెలు తోముతది. కుళ్లక ఏమైతది?"

ఆసుపత్రిలో సుమన అదే మాట అంది. చూడవచ్చిన చుట్టాలందరికీ కొమురవ్వ కూడా అదే చెప్పింది.  నిజమేనేమో అని మంగ కూడా అనుకుంది. అలా అనుకోవడమే ఆమెను లోపల ఎక్కువ కాల్చింది.

ఈ పొద్దున కార్ఖానాకు పోతూ పరమేశ్, విరిగిన చోట ప్లైవుడ్ ముక్క పరిచేస్తే అమ్మకు కనిపించదని చెప్పి వెళ్లాడు. మంగ చీరలు మడతపెట్టే పనికి పోలేదు. ప్లైవుడ్ జోలికీ పోలేదు. దుకాణానికి వెళ్లి గరుకు కాగితం, మేకులు, వార్నిష్ డబ్బా తెచ్చుకుంది. చెక్క బాగా ఎండాకే వార్నిష్ వేయాలని దుకాణదారు హిందీలో చెప్పాడు. ఎండేదాకా ఆగడానికి పొద్దెక్కడుంది?

అరుగు చివరి కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి పాచి గీకింది. గరుకు కాగితాన్ని అడ్డంగా రుద్దడంతో చెక్క నిండా గీతలు పడ్డాయి. తనను తాను తిట్టుకుంటూ మళ్లీ నిలువునా రుద్దింది. చేతులు బొబ్బలెక్కాయి. వార్నిష్ పూస్తే, తడి ఆరని చెక్క మీద అది బంకలా తేలింది.

ఇక గడప వైపు చెక్కలు మార్చాలి. ఏవి గట్టివో తెలియక సుత్తితో కొట్టి చూసింది. ఏళ్ల తరబడి తాను గిన్నెలు తోమిన కుళాయి పక్క చెక్కలు గట్టిగా మోగాయి. ఒక్కటీ మెత్తబడలేదు. గడప ముందరివి మాత్రం దెబ్బకు పొట్టు పొట్టుగా రాలాయి. మంగ చెయ్యి ఆగిపోయింది. గడప ముందర తానెన్నడూ చెంబెడు నీళ్లు పారబోయలేదు.

గడ్డపారతో చెక్క లేపింది. కింది దూలం నల్లబడి, వేలు పెడితే దిగబడుతోంది. దాని పక్కనే స్నానాలగది పైపు మూతి. మురుగు పోయే మోరీ దాకా పోవాల్సిన పైపు మూరెడు ముందే ఆగిపోయి, అరుగు కిందికే కారుతోంది. ఆ పైపు వేసింది పరమేశ్. మోరీలో కలిపేశానని చెప్పిందీ అతనే.

షిఫ్టు దిగి వచ్చిన పరమేశ్, లేచిపోయిన చెక్కలు చూసి గల్లీలోనే నిలబడ్డాడు. మంగ లోపలికి వెళ్లి స్నానాలగదిలో బకెట్ నీళ్లు గుమ్మరించి వచ్చింది. ఇద్దరి మధ్యా, దూలం పక్కనుంచి నీళ్లు పారాయి.

"గిది నీకు ఎరికేనా?"

పైపు ముక్క తక్కువ పడిందనీ, తర్వాత తెచ్చి కలుపుదామనుకున్నాననీ అతను గొణిగాడు.

"అత్త కాలు ఇరిగిననాడు ఎరికేనా?"

అతను చూపు ప్లైవుడ్ మీదికి తిప్పుకున్నాడు.  తెలిసి తెలిసి తప్పు మంగ నెత్తిన రుద్ది, ఇన్ని నెలలూ ఆమె వండింది తింటూ కూర్చున్నాడు. ఇప్పటికి కప్పేద్దాం, ఆదివారం చూస్తానంటూ అతను ప్లైవుడ్ అందుకోబోయాడు. ఆమె దాని మీద కాలు పెట్టింది.

"కప్పవు. మీ అమ్మకు నువ్వే చెప్తవు. ఆనాడు గల్లీల ఎట్ల చెప్పినవో గట్లనే చెప్తవు."

తల్లీకూతుళ్లతో ఆటో వచ్చింది. ఎదురింటి చిన్నవ్వ కుర్చీ వేస్తే కొమురవ్వను అందులో కూర్చోబెట్టారు. పరమేశ్ పైపు సంగతి తల వంచుకుని చెప్పాడు. వినపడలేదు, మళ్లీ చెప్పమంది తల్లి. రెండోసారి గల్లీ అంతా విన్నది. సుమన ఆటో వైపు తిరిగి సంచులు సర్దుకుంది.

కొమురవ్వ కొడుకును తిట్టలేదు. పైపు కలిపితే గానీ లోపలికి రానని కుర్చీలోనే ఉండిపోయింది. పరమేశ్ దుకాణానికి ఉరికి పైపు ముక్క తెచ్చి మోరీలో కలిపాడు. మంగ అతన్ని సాయం అడగలేదు. కుళాయి వైపు చెక్కలు ఊడదీసి, గడప ముందర ఇటుకలు పేర్చి, వాటి మీద ఆ చెక్కలనే పరిచి మేకులు కొట్టింది. కొన్ని మేకులు వంకరపోయాయి. అరుగు సగమే మిగిలింది. అయినా ఎక్కి తొక్కితే కదల్లేదు.

వాకర్ కాళ్లు వార్నిష్‌కు అంటుకుంటుంటే కొమురవ్వ మెల్లగా దాటి, గడప దగ్గర ఆగింది.

"నేను గూడ నిన్నే అన్న, బిడ్డా. జోల్వాల అందరికి చెప్పిన."

పోనీలే అత్తా అనాల్సిన చోటది. మంగ అనలేదు.

"గిది గూడ అందరికి చెప్పు."

 ముసలామె సుమనను పిలిచి, జోల్వాలో కూతురి అత్తగారికి ఫోను కలపమంది. సుమన వినబడనట్టు నిలబడింది. కొమురవ్వ ఫోను కోసం చెయ్యి చాచి, మళ్లీ అడిగింది.