రెమెడియోస్ వేసే రెండో కుర్చీ

మంగళవారం పొద్దున్నే చర్చి గంట ఆగి ఆగి మోగింది. ఎవరో పోయారన్నమాట. ఇంగ్లండు నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఈ పరాయిదేశపు పల్లెలో ఉంటున్న గ్లెనిస్‌కి ఆ మాత్రం తెలుసు. తనకు తెలియనివాళ్లెవరో అనుకుని కాఫీ పెట్టుకుంటుండగా ఎదురింటి విసెంటా తలుపు కొట్టింది.

“ఇంగ్లీషమ్మా, మన రెమెడియోస్ పోయింది. రాత్రి, ఆస్పత్రిలోనే.” కళ్లు తుడుచుకుని మరో ఇంటివైపు నడిచింది.

పొయ్యి మీద కాఫీ పొంగిపోయింది.

రెమెడియోస్ పక్కింటావిడ. ఎండాకాలం సాయంత్రాలు ఆ వీధి ఆడవాళ్లు గుమ్మాల ముందు నీళ్లు చల్లి, కుర్చీలు వేసుకుని చల్లగాలికి కూర్చుంటారు. రెమెడియోస్ రెండు కుర్చీలు వేసేది. రెండోది గ్లెనిస్‌కి. వాళ్ల మాటల వేగం గ్లెనిస్‌కి ఎప్పుడూ అందేది కాదు. అందరూ నవ్వాక రెమెడియోస్ ఆమె మోకాలి మీద తట్టి, అదే కబురు మళ్లీ నెమ్మదిగా, చేతులు తిప్పుతూ చెప్పేది. అప్పుడు గ్లెనిస్ నవ్వితే, ఆ నవ్వు చూసి వీధంతా ఇంకోసారి నవ్వేది.

ఆ మనిషిని చివరిసారి చూడాలి. కానీ కన్నకూతురు ఏడుస్తున్నచోటికి పిలవకుండా ఎలా వెళ్లడం? ఇంగ్లండులో భర్త పోయినప్పుడు అంత్యక్రియలకు మూడు వారాలు పట్టింది. అందరికీ కబురు పంపాకే వచ్చారు. ఇక్కడా పిలుస్తారనుకుంది. నల్లగౌను ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించింది.

మర్నాడు సాయంత్రం గంట మళ్లీ మోగింది. ఇంకెవరు పోయారో అనుకుంది. కాసేపటికి వీధి జనమంతా నల్లబట్టల్లో తిరిగి రావడం కిటికీలోంచి చూసింది. రెమెడియోస్ కూతురు అంపారో తాళం తీస్తోంది. గ్లెనిస్ పరుగున బయటికి వెళ్లింది.

“అంపారో, ఎప్పుడు... అమ్మని ఎప్పుడు...”

“అయిపోయిందిగా. శ్మశానం గోడలో నాన్న పక్క గూట్లో పెట్టి, మూసి వస్తున్నాం.” అంపారో ఆమె ముఖంలోకి చూడలేదు. “రాత్రంతా చర్చి పక్క గదిలో అమ్మ దగ్గర కూర్చున్నాం. కుంటి పాకో కూడా వచ్చాడు, ముప్పై ఏళ్లుగా అమ్మతో మాటల్లేనివాడు. గోడ అవతల ఉన్న మీరు మాత్రం రాలేదు.”

“నాకెవరూ చెప్పలేదు.”

“చెప్పేదేముంది? గంట మోగాక వచ్చి కూర్చోవడమే. మర్నాటికి అయిపోతుంది. మీ దేశంలో ఏం చేస్తారేంటి?”

“ఆగుతాం. రెండు వారాలు, మూడు వారాలు...”

“మూడు వారాలా!” అంపారో తిరిగి చూసింది. “ఈ ఎండల్లోనా? మా అమ్మ ఏమైపోవాలనుకున్నారండీ?” నవ్వొచ్చేసింది ఆమెకి. ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది. గ్లెనిస్ చెయ్యి చాపింది కానీ ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

అంపారో ముక్కు తుడుచుకుని లోపలికెళ్లి, తుంగతో అల్లిన కుర్చీ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“ఆస్పత్రిలో కూడా ఇదే గోల అమ్మకి. కుర్చీ వెయ్యకపోతే ఇంగ్లీషమ్మ ఇంట్లోంచి బయటికి రాదని. తీసుకెళ్లండి. ఇల్లు మూసేస్తున్నాం.”

కొన్నాళ్లకు వీధిలోకి మళ్లీ కుర్చీలు వచ్చాయి. గ్లెనిస్ తన గుమ్మం ముందు నీళ్లు చల్లింది. మూసి ఉన్న పక్కగుమ్మం ముందు కూడా చల్లి, ఆ కుర్చీ వేసుకుని కూర్చుంది.

“అంత దూరమేంటే? మేమేమన్నా కరుస్తామా?” అంది విసెంటా. “ఇటు లాక్కో.”

లాక్కుంది. విసెంటా చర్చి ఫాదరు గురించీ ఎవరిదో మేక గురించీ ఏదో గబగబా చెప్పింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. గ్లెనిస్ వాళ్ల ముఖాలు చూసి కాస్త ఆలస్యంగా నవ్వింది.

మోకాలి మీద ఏ చెయ్యీ పడలేదు. వాళ్లప్పుడే ఇంకో కబురులో పడ్డారు.