కోడిపిల్లలకి వేడిచేసింది

వానాకాలంలో కోనసీమలో బనియను ఆరదు. దండెం మీద వేస్తే తడుస్తుంది, వరండాలో వేస్తే ముక్కిన వాసన వస్తుంది, ఫ్యాను కింద వేస్తే కరెంటు పోతుంది. దీనికి ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలని ఆంజనేయప్రసాద్ చాలాకాలంగా అనుకుంటున్నాడు. ఎవరూ తీసుకోలేదు. అంచేత కొత్తపేటలో తను గుమస్తాగా పనిచేసే కాలేజీకి రోజూ తడి బనియనుతోనే వెళ్ళి, పైన ఇస్త్రీ చొక్కాతో హుందాగా కూర్చుంటాడు.

బనియనే ఆరని ఆ ఇంటికి అత్తగారు కోడిపిల్లల్ని తెచ్చారు.

చిట్టెమ్మగారిది ఉప్పలగుప్తం. ఇంటి కప్పు మారుస్తున్నారని కూతురి దగ్గర ఉండడానికి వచ్చారు. భర్త ఫోటోని సంచిలో వేసుకొచ్చారు, పిల్లల గంపని మాత్రం ఒళ్ళో పెట్టుకొచ్చారు. తల్లికోడిని ముంగిస ఎత్తుకుపోయింది. ఆవిడ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోడి సంతతిలో ఇక మిగిలినవి ఈ పిల్లలే.

చిట్టెమ్మగారు అల్లుడితో నేరుగా మాట్లాడరు. అది ఆవిడ మర్యాద. చెప్పాల్సిందేదో కూతురు రమ్యశ్రీకి చెబుతారు, అల్లుడు పక్కనే ఉన్నా సరే. రమ్యశ్రీ అమలాపురంలో బట్టల షాపులో ఉద్యోగానికి వెళ్ళిపోయాక, ప్రసాద్ మధ్యాహ్నం భోజనానికి వచ్చే వేళకి ఆ డ్యూటీ ఫ్రిజ్ మీద పడుతుంది.

"అల్లుడుగారికి పులుసు చల్లారిపోతుందని చెప్పాలి," అంటారావిడ ఫ్రిజ్‌తో.

"ఆయ్, వచ్చేస్తున్నానని చెప్పాలి," అంటాడు ప్రసాద్, ఫ్రిజ్‌తోనే.

తిండికి సంబంధించిన మాటలు అతనికి బాగా వినబడతాయి. విమర్శలు వినబడవు. తనతో అనని మాట విన్నట్టు కనబడకూడదన్నది అతని వైపు మర్యాద.

పిల్లల గూట్లో కింద పరవడానికి ఊక కావాలి. ప్రసాద్ ఊక కొనలేదు. పీచు తీసే చోట కొబ్బరిపొట్టు ఊరికే ఇస్తుంటే ఊక కొనేవాడు అసలు కోనసీమవాడే కాదని అతని అభిప్రాయం. స్కూటరు మీద రెండు బస్తాలు తెచ్చి మెత్తగా పరిచాడు. పక్కన నిలబడి తనే కాసేపు మెచ్చుకున్నాడు. కొబ్బరిపొట్టు నీళ్ళు పట్టుకుంటే వదలదు. పూలకుండీల్లో వేసేదే అందుకు.

"ఆ పొట్టు ముద్దయిపోద్ది. పిల్లలకి పడదు," అన్నారు చిట్టెమ్మగారు ఫ్రిజ్‌తో.

ఫ్రిజ్ ఏమీ అనలేదు. ప్రసాదూ అనలేదు.

కొన్నాళ్ళకి పిల్లలు మేత మానేశాయి. ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి, మూలలో ఒకదాని మీద ఒకటి పడి ముడుచుకున్నాయి. రెట్టలో నెత్తురు కనబడింది. బూడిదరంగు పిల్ల పొద్దున్న లేవలేదు. చిట్టెమ్మగారు దాన్ని అరటిచెట్టు పక్కన పాతిపెట్టి వచ్చి, ఆ రోజు ఫ్రిజ్‌తో కూడా మాట్లాడలేదు. పులుసు చల్లారిపోయినా ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ప్రసాద్‌కి మొదటిసారి భయం వేసింది. మిగతావి కూడా పోతే ఆవిడ ఏమీ అనరు. అదే అతని భయం.

పక్కింటి రాజ్యలక్ష్మిగారు చూసి తేల్చేశారు. "వేడిచేసిందండీ పిన్నిగారూ. నెత్తురు పడిందంటే వేడే."

మనవైపు తలనొప్పి వచ్చినా, పరీక్ష పోయినా వేడిచేయడమే కారణం. దేనికైనా బొండంనీళ్ళే మందు.

ప్రసాద్ మాత్రం ఒక పిల్లని చేతిసంచిలో పెట్టుకుని పశువుల డాక్టరు ఏసుపాదంగారి దగ్గరికి వెళ్ళాడు.

"వేడి కాదండీ," అన్నారాయన రెట్ట చూసి. "కాక్సిడియోసిస్ అంటారు. కంటికి కనబడని క్రిమి, పేగుని కొరికేస్తది. తడిలో పెరుగుద్ది. కింద ఏం పరిచేరు?"

"మామూలేనండీ," అన్నాడు ప్రసాద్.

డాక్టరుగారు ఒక పొడి ఇచ్చి, నీళ్ళలో ఎంత కలపాలో చెప్పారు. "ఇవే తాగాలండి. వేరే నీళ్ళు పెట్టేరంటే వీటిని ముట్టవు. కింద పొడిగా ఉంచండి."

ఇంటికొచ్చి మందు కలిపి మూకుడులో పోశాడు. పొట్టు జోలికి మాత్రం వెళ్ళలేదు. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. "పిల్లలు మందునీళ్ళే తాగాలి. వేరే నీళ్ళు పెట్టకూడదని చెప్పాలి."

"ఆయ్," అన్నారు చిట్టెమ్మగారు ఫ్రిజ్‌తో.

పిల్లలు కోలుకోలేదు. మూకుడులో పోసింది పోసినట్టే ఉంది. అత్తగారు ఎప్పటికప్పుడు కొత్తగా నింపుతున్నారేమో, ఎంత శ్రద్ధో అనుకున్నాడు ప్రసాద్. ఒకనాడు వానకి కాలేజీ ముందే వదిలేస్తే ఇంటికొచ్చి చూశాడు. చిట్టెమ్మగారు గూటి ముందు పీట వేసుకుని, బొండం చెక్కి, సాసరులో వంచి పిల్లలకి పడుతున్నారు. పిల్లలు ఆవురావురుమని తాగుతున్నాయి.

ఫ్రిజ్ వంటింట్లో ఉంది. వీళ్ళు పెరట్లో ఉన్నారు.

"అత్తయ్యగారూ," అన్నాడు ప్రసాద్.

చిట్టెమ్మగారు వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమోనని చూశారు.

"ఆ నీళ్ళు పెట్టకండి."

"నీళ్ళెక్కడ పెట్టేనండీ?" అన్నారావిడ. "బొండం కదా."

"బొండం తాగితే మందు తాగవండీ. వేడి కాదంట. తడి."

"తడి అని నేను మొదట్లోనే అన్నాను."

"విన్నానండీ."

"మరి?"

"నాతో అనలేదు కదా అని."

చిట్టెమ్మగారు సాసరు కింద పెట్టారు. "ఇప్పుడు మీతోనే అంటున్నానండీ. ఆ పొట్టు ఎత్తి అవతల పోసేసి రండి."

ప్రసాద్ ఇస్త్రీ చొక్కాతోనే గూట్లో దూరాడు. పొట్టంతా ఎత్తిపోసి, నేల గీకి, రైసుమిల్లు నుంచి ఊక తెచ్చి బెత్తెడు మందాన పరిచాడు. వానజల్లు పడకుండా పట్టా కట్టాడు. మూకుడులో మందునీళ్ళు మార్చాడు. ఇద్దరూ పీటలు వేసుకుని కూర్చున్నారు. చాలాసేపటికి నల్లరెక్కల పిల్ల వచ్చి ముక్కు ముంచింది.

"తాగిందండీ," అన్నారు చిట్టెమ్మగారు.

"ఆయ్," అన్నాడు ప్రసాద్.

ఆ తర్వాత ఒక్క పిల్లా పోలేదు. రెట్టలో ఎరుపు తగ్గింది, తర్వాత లేకుండాపోయింది. పిల్లలు ఊక చిమ్ముకుంటూ, చిట్టెమ్మగారి చీరకుచ్చిళ్ళు పొడుస్తూ తిరగడం మొదలెట్టాయి. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని పొగ అన్నారు. వాళ్ళింట్లో గ్యాసుపొయ్యి. ప్రసాద్ ఆ పూట మారు వడ్డించుకుని తిన్నాడు.

వచ్చిన చిక్కల్లా ఇప్పుడే. చిట్టెమ్మగారు అల్లుడితో నేరుగా మాట్లాడుతున్నారు. "అల్లుడుగారూ, పొట్ట పెరుగుతోందండీ." "అల్లుడుగారూ, ఫోను చూస్తా తింటే ఒంటబట్టదండీ." "రాజ్యలక్ష్మిగారి ఆయన పెరడంతా బాగుచేసేరు, మీరెప్పుడు చేస్తారండీ?" ప్రతిదానికీ చివర అండీ ఉంటుంది కాబట్టి కోప్పడ్డానికి వీల్లేదు. తనతో అన్నదే కాబట్టి వినబడనట్టు ఉండడానికీ వీల్లేదు. ఉప్పలగుప్తంలో కప్పు పని ఎప్పుడో అయిపోయింది. పెట్టలు గుడ్లు పెట్టేదాకా ఉంటానన్నారు. రమ్యశ్రీని అడిగితే, "మీరే కదా మొదలెట్టేరు," అంది.

అత్తగారిని నొప్పించకుండా, ఆవిడని మళ్ళీ పాత మర్యాదకి మళ్ళించే ఉపాయం మీ ఇళ్ళలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. ప్రసాద్ తరఫున బతిమాలుకుంటున్నాను. కాస్త తొందరగా చెప్పండి, ఆవిడ పెరట్లోంచి మళ్ళీ పిలుస్తున్నారు.